మేత అందని కోళ్ళ పేగులను మళ్ళీ దారిలో పెట్టడం ఎలా?

తుపానుకు రోడ్డు తెగి మేత లారీ రెండు రోజులు రాకపోయినా, రాత్రి చేరవలసిన కోడిపిల్లల వ్యాను మర్నాడు మధ్యాహ్నానికి చేరినా, అమ్మకానికి ముందు మేత ఆపేసిన తర్వాత కొనేవారి బండి ఆలస్యమైనా, ఇచ్ఛాపురం నుంచి గజపతినగరం దాకా పెంపకందారులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: ఇప్పుడు కడుపు నిండా మేత పోసేస్తే సరిపోతుందా? సరిపోదు. ఎందుకు సరిపోదో నాలుగు మాటల్లో చెప్పి, ఆ తర్వాత ఏ గంటకు ఏం చేయాలో వరుసగా రాస్తాను.

కోడి పేగు లోపలి గోడ మీద చాపకు అల్లిన కుచ్చుల్లా సన్నని వేళ్ళు నిలబడి ఉంటాయి. వీటిని పాఠ్యపుస్తకాల్లో చూషకాలు అంటారు. మేతలోని సారాన్ని పీల్చేవి అవే. వాటి పైపొరలోని కణాలు మూడు నాలుగు రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఈ కణాలు రక్తం తెచ్చే పోషణ మీద మాత్రమే బతకవు, తమ ముందు నుంచి సాగిపోయే మేత నుంచి కూడా నేరుగా తింటాయి. కాబట్టి మేత ఆగిపోతే కోడి కంటే ముందు పేగు పస్తుంటుంది. ఒక రోజు పస్తుకే చూషకాలు పొట్టిబడతాయి, వాటిని కప్పి ఉంచే జిగురు పొర పలచబడుతుంది, లోపల ఉండవలసిన సూక్ష్మజీవులు గోడ దాటి రక్తంలోకి పోయే వీలు పెరుగుతుంది. అలాంటి పేగులోకి ఒక్కసారిగా మేత పోస్తే అరగని మేత కిందికి జారి, అక్కడి చెడ్డ సూక్ష్మజీవులకు విందు అవుతుంది. ఇంతకు మించి సిద్ధాంతం అవసరం లేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని తాకినప్పుడు, టెక్కలి దగ్గర మా షెడ్డుకు మేత బస్తా అందడానికి రెండు రోజులు పట్టింది. బస్తాలు దిగగానే ఆత్రంతో అన్ని తొట్టెలూ అంచుల దాకా నింపాను. కోళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి తిన్నాయి. కొన్నింటికి వీపుల మీద గోళ్ళ గీతలు పడ్డాయి, మర్నాటికి లిట్టరంతా, అంటే నేల మీద పరిచిన ఊకంతా, తడిసి పసుపుపచ్చని నీళ్ళ విరేచనాలు కనిపించాయి. పక్క ఊరి నుంచి చూడడానికి వచ్చిన ఒక పెద్దావిడ, తన షెడ్డు సంగతి కూడా అదేనని, "తిండి తింతన్నాయి గానీ ఒళ్ళు చేత్తనేదు బాబూ" అంది. ఆ మాట అక్షరాలా నిజం. తింటున్నా ఒళ్ళు చేయకపోవడమే దెబ్బతిన్న పేగు లక్షణం. ఆనాడు నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

శుభ్రమైన నీళ్ళు, కడిగిన డ్రింకర్లు, మామూలుగా వాడేవి కాక మరికొన్ని తొట్టెలు. తొట్టెలు చాలకపోతే వెడల్పాటి పళ్ళేలు గానీ, పొడి గోనె సంచులు పరిచి గానీ వాడవచ్చు. మామూలు రోజుల్లో యాభై కోళ్ళకు ఒక గుండ్రటి ఫీడరు సరిపోతుంది, ఈ ఒక్క రోజుకు మాత్రం ముప్పై కోళ్ళకు ఒకటి చొప్పున చూసుకోండి. వయసుకు తగిన మేత, తూకం, టార్చిలైటు, చేతి తొడుగులు, ఒక నోటు పుస్తకం కావాలి. నీళ్ళలో కలిపే లవణాల పొడి (ఎలక్ట్రోలైట్) ఉంటే మంచిది, లేకపోతే బెల్లంతో సరిపెట్టుకోవచ్చు. పుస్తకం చిన్న విషయమని వదిలేయకండి. మేత ఎన్ని గంటలకు ఆగింది, నీళ్ళు కూడా ఆగాయా, నిన్నటి వరకు రోజుకు ఎన్ని కిలోలు తిన్నాయి అన్న మూడు లెక్కలు లేనిదే కింది పద్ధతి నడవదు.

తేరుకునేలా చేసే పద్ధతి

1. ఎన్ని గంటలు పస్తున్నాయో తేల్చుకోండి. తొట్టె ఖాళీ అయిన సమయం నుంచి లెక్క మొదలవుతుంది, మీరు గమనించిన సమయం నుంచి కాదు. పన్నెండు గంటల లోపు అయితే పెద్ద దెబ్బ ఉండదు. తొట్టెలన్నీ ఒకేసారి నింపి, తొక్కిసలాట లేకుండా చూస్తే చాలు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు అయితే కింది మెట్లను ఒక రోజు పాటించండి. అంతకు మించితే మూడు రోజుల కార్యక్రమం తప్పదు.

2. మేతకు ముందు నీళ్ళు ఇవ్వండి. కరెంటు పోయి నీళ్ళు కూడా ఆగి ఉంటే ఈ మెట్టు మరీ ముఖ్యం. దప్పికతో ఉన్న కోడి పొడి మేత మింగితే అది మెడ కింది మేత సంచిలో గట్టిపడి కూర్చుంటుంది. మొదటి గంట ఉత్త మంచినీళ్ళే పెట్టండి. నీళ్ళు లేక అల్లాడిన కోళ్ళకు తొలి గుక్కలోనే ఉప్పు కలిసిన ఎలక్ట్రోలైట్ ఇవ్వకూడదు, అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. గంట తర్వాత ఎలక్ట్రోలైట్ ఇవ్వవచ్చు, లేదా లీటరుకు 20 గ్రాముల బెల్లం కలిపి నాలుగైదు గంటలు ఇవ్వవచ్చు. బెల్లం నీళ్ళను రాత్రంతా ఉంచితే డ్రింకరులో జిగురు కట్టి పులుస్తాయి. కాబట్టి వాటిని పారబోసి, డ్రింకర్లు తోమి, మళ్ళీ మంచినీళ్ళు నింపండి. కోడి పొడిస్తే చుక్క నీరు దిగే నిపిల్ పైపుల్లో బెల్లం అసలు పోయకండి.

3. మొదటి విడత మేత కొద్దిగా, కానీ అన్ని కోళ్ళకూ ఒకేసారి అందాలి. రోజువారీ మేతలో ఎనిమిదో వంతు తీసుకోండి. రోజుకు యాభై కిలోలు తినే షెడ్డు అయితే మొదటి విడతకు ఆరు కిలోలు చాలు. ఫీడర్లను కోళ్ళకు అందని ఎత్తుకు లేపి, వెలుతురు తగ్గించి, అన్నీ నింపిన తర్వాత ఇద్దరు మనుషులు రెండు వైపుల నుంచి చకచకా దించాలి. ఒక చివర నుంచి నింపుకుంటూ పోతే మంద అంతా ఆ చివరకు పరుగెత్తుతుంది, బలమైనవి తింటాయి, బలహీనమైనవి తొక్కిడి పడతాయి.

4. రెండు గంటలకు రెండో విడత, అక్కడి నుంచి మూడేసి గంటలకు ఒక విడత ఇవ్వండి. రెండో విడత కూడా ఎనిమిదో వంతే. ఆ తర్వాతి విడతలను, మొదటి ఇరవై నాలుగు గంటల్లో మొత్తం మామూలు మేతలో నాలుగింట మూడు వంతులు దాటకుండా పంచండి. రెండో రోజు పూర్తి మేతను నాలుగు విడతలుగా ఇవ్వండి. మూడో రోజు నుంచి ఎప్పటిలా పెట్టవచ్చు. వేసవి అయితే ఎండ ముదిరిన వేళ విడత వేయకండి. కడుపు నిండిన కోడి వంట్లో వేడి పెరుగుతుంది, మే నెలలో అది ప్రాణం మీదికి వస్తుంది. తెల్లవారుజాము, సాయంత్రం, రాత్రి వేళలను వాడుకోండి.

5. అదే మేత ఇవ్వండి. పస్తుకు ముందు స్టార్టరు (చిన్న వయసు మేత) తింటున్న మందకు ఇప్పుడు ఫినిషరు (అమ్మకానికి ముందు మేత) ఇవ్వడం, ఒక కంపెనీ మేత నుంచి ఇంకో కంపెనీ మేతకు మార్చడం మూడు రోజుల తర్వాత చేయవలసిన పనులు. పలచబడిన పేగుకు ఒక మార్పు చాలు.

కంపెనీ మేత ఇంకా రాలేదు, చేతిలో ఉన్నది ఇంటి ధాన్యమే అన్న పరిస్థితిలో బియ్యపు నూకలు అన్నిటి కంటే మేలు, తేలికగా అరుగుతాయి. మొక్కజొన్న రవ్వ కూడా మంచిదే. వండిన అన్నం అయితే ఆ పూటదే, గంటలో తినేంతే పెట్టాలి. చోళ్ళు (రాగులు), గంట్లు (సజ్జలు) పెద్ద కోళ్ళకు కొద్దిగా కలపవచ్చు. తవుడు ఎక్కువ వేయకండి, పీచు ఎక్కువ. వీటిలో మాంసకృత్తులు తక్కువ కనుక ఒకటి రెండు రోజుల ఆసరాగానే చూడాలి. తుపాను నీటిలో తడిసి ముక్క వాసన వచ్చే గింజలను, బూజు పట్టిన వేరుశనగ చెక్కను ఎండబెట్టి వేద్దామనుకునే వారు చాలామంది. బూజు పోయినా అది వదిలిన విషం గింజలో ఉండిపోతుంది, ఎండకు పోదు, కాలేయాన్ని పాడు చేస్తుంది. ఉప్పు చేపల పొట్టు కూడా ఈ సమయంలో వద్దు.

లారీ ఇంకో రోజు రాదని ముందే తెలిస్తే, ఉన్న మేతను ఇవాళ అంతా పెట్టేసి రేపు ఖాళీగా ఉంచడం కంటే, రెండు రోజులకూ సగం సగం పంచడం ఎంతో మేలు. పైన చెప్పిన కారణమే: పేగు గుండా కొంచెం మేత సాగుతున్నా ఆ గోడ నిలబడుతుంది.

6. లిట్టరును చూసుకోండి. ఆకలిగా ఉన్న కోడి ఊకను, రెట్టను, ఈకలను పొడుచుకు తింటుంది. అంటే పేగులోకి సారం పోకపోయినా మురికి మాత్రం పోతుంది. రక్తపారుడు, పేగు పుండ్ల జబ్బు ఇలాంటప్పుడే తల ఎత్తుతాయి. తడిసి గడ్డకట్టిన చోట్ల లిట్టరు తీసేసి పొడి ఊక వేయండి. తొట్టెలు చాలనప్పుడు మేతను నేల మీద కాక గోనెల మీద పోయడానికి ఇది ఇంకో కారణం.

7. యాంటీబయాటిక్ పోయకండి. నీళ్ళ విరేచనాలు కనిపించగానే మందుల దుకాణానికి పరుగెత్తడం మన ప్రాంతంలో అన్నిటి కంటే ఎక్కువగా జరిగే తప్పు. ఆకలి వల్ల వచ్చిన విరేచనాలకు మందు మేతే. యాంటీబయాటిక్ వేస్తే పేగులో మిగిలి ఉన్న మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి. ఒకప్పుడు విరివిగా వాడిన కోలిస్టిన్‌ను పశువులు, కోళ్ళలో వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించింది. పాత సీసాలు మిగిలి ఉంటే వాటిని బయటికి తీయకండి. పలుచని పుల్లటి మజ్జిగను కొందరు ఇస్తారు. పెరటి కోళ్ళకు పూటకు కొంచెం ఇస్తే హాని లేదు గానీ, అయిదు వందల కోళ్ళ షెడ్డులో డ్రింకర్లు పాడవడం తప్ప పెద్ద లాభం ఉండదు.

ఆలస్యంగా చేరిన పిల్లల విషయం

పిల్లల సంగతి వేరు, ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పాలి. "పిల్ల కడుపులో పచ్చసొన ఉంటుంది, మూడు రోజుల దాకా మేత అక్కరలేదు" అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. పిల్ల మూడు రోజులు బతుకుతుందన్నది నిజమే. కానీ బతకడం వేరు, పేగు ఎదగడం వేరు. పుట్టిన మొదటి వారంలో చిన్నపేగు ఒంటి కంటే వేగంగా పెరుగుతుంది, చూషకాలు ఆ రోజుల్లోనే నిలువునా లేస్తాయి. పచ్చసొనలో కొంత భాగం పేగు గుండానే దిగాలి. మేత పడి పేగు కదిలితే అది త్వరగా దిగుతుంది. అంటే మేత పెట్టకపోతే పచ్చసొన బాగా వాడుకుంటుందన్నది తలకిందుల లెక్క. మొదటి రెండు రోజులు పోగొట్టుకున్న పిల్ల తర్వాత ఎంత తిన్నా, బ్యాచి చివర తోటి పిల్లల కంటే తక్కువ తూగడమే ఎక్కువగా చూస్తాం.

పైగా గంటలు లెక్కపెట్టేటప్పుడు వ్యాను బయలుదేరిన వేళ నుంచి లెక్కపెడతారు. పొదిగే యంత్రంలో అన్ని గుడ్లూ ఒకే గంటకు పగలవు. ముందు పుట్టిన పిల్ల వెనక పుట్టిన వాటి కోసం ఒక రోజుకు పైగా అక్కడే మేత లేకుండా ఎదురుచూసి ఉంటుంది. వ్యానులో పన్నెండు గంటలు అంటే ఆ పిల్లకు అది ముప్పై ఆరు గంటలు కావచ్చు.

పిల్లలు దిగే ముందే వాటిని వెచ్చగా ఉంచే బ్రూడరును 32–33 డిగ్రీలకు వేడి చేసి ఉంచండి. పిల్లలు దిగిన తర్వాత దీపం వెలిగించడం పొరపాటు, చలికి గుంపు కట్టిన పిల్ల మేత వైపు చూడదు. గోరువెచ్చని నీళ్ళు పెట్టి, పెట్టెకు నాలుగైదు పిల్లల ముక్కులు ముంచి చూపితే మిగిలినవి నేర్చుకుంటాయి. గంటలోపే కాగితాల మీద సన్న రవ్వ మేత చల్లండి. నేల సగం వరకు కాగితం పరిస్తే పిల్ల నడిచిన చోటల్లా మేత కాలికి తగిలి చప్పుడవుతుంది, ఆ చప్పుడుకే వంగి పొడుస్తుంది. పిల్లలకు పెద్ద కోళ్ళలా విడతల పొదుపు అక్కరలేదు, ఎప్పుడూ కొంచెం మేత కళ్ళ ముందు ఉండాలి. తడిసిన కాగితాన్ని మాత్రం వెంటనే తీసేయండి.

రెండు గంటల తర్వాత షెడ్డులో నాలుగు చోట్ల నుంచి పదేసి పిల్లలను పట్టుకుని మెడ కింది సంచిని బొటనవేలు, చూపుడువేళ్ళతో మెల్లగా తడమండి. మెత్తగా, గుండ్రంగా, నానిన రవ్వలా తగిలితే మేత, నీళ్ళు రెండూ తీసుకుందని అర్థం. రాయిలా గట్టిగా ఉంటే నీళ్ళు దొరకలేదు. నీటి బుడగలా జారిపోతే మేత దొరకలేదు. రెండు గంటలకు వందలో డెబ్బై అయిదింటికి, పన్నెండు గంటలకు ఎనభై అయిదింటికి, ఇరవై నాలుగు గంటలకు తొంభై అయిదింటికి పైగా సంచి నిండి ఉండాలి. అంతకు తగ్గితే మేత పెంచడం కాదు, వేడి, వెలుతురు, నీళ్ళు ఈ మూడింటిలో ఏది తేడాగా ఉందో వెతకండి.

అమ్మకానికి ముందు మేత ఎత్తేసేటప్పుడు

ఇది కావాలని చేసే పస్తు. కోయడానికి ముందు పేగు ఖాళీ కావాలి గనుక, మేత ఎత్తిన క్షణం నుంచి కత్తి పడే దాకా మొత్తం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉండాలి. రాత్రి ఎనిమిదింటికి ఫీడర్లు లేపి, అర్ధరాత్రి ఎక్కించి, విశాఖపట్నం దుకాణానికి తెల్లవారేసరికి చేరితే లెక్క సరిపోతుంది. నీళ్ళు మాత్రం పట్టుకునే దాకా ఉండాలి. బండి రాక పద్దెనిమిది గంటలు దాటితే ఏమవుతుందో కోడి దుకాణం అతణ్ణి అడగండి. పేగు లాగగానే తడిసిన కాగితంలా తెగిపోతుంది, లోపలి నీళ్ళు మాంసం మీద పడతాయి, పిత్తాశయం ఉబ్బి చిదిగి కార్జం ఆకుపచ్చబడుతుంది. అంటే బరువు తగ్గడమే కాదు, మాంసం కూడా చెడుతుంది. పస్తులో మేత సంచి లోపలి పులుపు తగ్గుతుంది, కోడి లిట్టరు తింటుంది, దానితో సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు సంచిలో పెరుగుతాయి.

బండి మర్నాటికి వాయిదా పడిందని తెలిస్తే ఫీడర్లను మళ్ళీ దించి సగం మేత ఇవ్వండి, మర్నాడు కొత్తగా గంటలు లెక్కపెట్టుకోండి. రెండు గంటల్లో వచ్చేస్తుందంటే మేత ఇవ్వకండి, నీళ్ళు ఇచ్చి ఆగండి.

వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మేత ఎత్తేస్తున్నాం, అది కూడా పేగును దెబ్బతీస్తుందా అని అడిగేవారున్నారు. ఆరు గంటల విరామం వల్ల నష్టం ఉండదు, వడదెబ్బ నుంచి కాపాడే మంచి పద్ధతి అది. సాయంత్రం ఫీడర్లన్నీ ఒకేసారి దించాలన్నది గుర్తుంచుకుంటే చాలు. గుడ్ల కోళ్ళను రోజుల తరబడి మాడ్చి ఈకలు రాల్పించి మళ్ళీ గుడ్లకు తెచ్చే పాత పద్ధతి మాత్రం వేరే సంగతి. దాన్ని ఆపేయాలని భారత జంతు సంక్షేమ మండలి 2011లోనే చెప్పింది. దాన్ని ఎవరైనా సలహాగా చెబితే వినకండి.

తేరుకున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి రోజు బరువు చూసి సంతోషపడకండి. పస్తులో పోయిన బరువులో చాలా భాగం పేగులోని మేత, ఒంట్లోని నీరు. రెండు విడతలు తినగానే అది తిరిగి వస్తుంది. పేగు గోడ తిరిగి రావడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది. అందుకే యాభై కోళ్ళను రెండో రోజు ఉదయం మేతకు ముందు ఒకసారి, అయిదో రోజు అదే వేళకు ఇంకోసారి తూచి, ఆ మధ్య రోజుకు ఎన్ని గ్రాములు పెరిగాయో చూడండి. ఆ పెరుగుదల పస్తుకు ముందటి వేగానికి దగ్గరగా ఉంటే పేగు పని మొదలుపెట్టినట్లే.

రెట్ట ఇంకా ముందే చెబుతుంది. తెల్లవారగానే టార్చిలైటు పట్టుకుని షెడ్డు పొడవునా నడవండి. పస్తులో రెట్ట పలుచగా ఆకుపచ్చగా ఉంటుంది, పేగులో మేత లేక పిత్తమే దిగుతుంది గనుక. మేత మొదలైన ఒక రోజుకు ఆ పచ్చదనం పోయి, గోధుమరంగు ముద్ద మీద తెల్లటి టోపీ ఉన్న మామూలు రెట్ట కనిపించాలి. రెండు రోజుల తర్వాత కూడా రెట్టలో గింజ రవ్వ అలాగే కనిపిస్తే విడతలు పెద్దవయ్యాయని అర్థం, వెనక్కి వెళ్ళి చిన్నవి చేయండి. నారింజరంగు జిగురు గానీ, రక్తం గానీ కనిపిస్తే పశువైద్యుణ్ణి పిలవండి. ఆకుపచ్చ విరేచనాలు మూడో రోజుకీ తగ్గక, కోళ్ళు మెడ తిప్పడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం మొదలుపెడితే అది ఆకలి కాదు, కొక్కెర తెగులు (రాణీఖేత్) అనుమానించాలి.

చనిపోయిన కోడి దొరికితే కోసి చూడడం నేర్చుకోండి, కానీ ఒక హెచ్చరిక: ఒకే రోజు గుంపుగా చనిపోతుంటే, తలలు ఉబ్బి జుట్టు నీలం రంగుకు తిరిగితే దేన్నీ తాకకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి, 1962కు ఫోను చేసినా సరిపోతుంది. అలాంటి లక్షణాలు లేని ఒకటి రెండు కోళ్ళను మాత్రమే తొడుగులు, మాస్కు వేసుకుని షెడ్డుకు దూరంగా కోయండి. ముందు మేత సంచి: అందులో ఊక ఉంటే ఆ కోడికి మేత అందలేదు, తొట్టెలు చాలడం లేదు. తర్వాత కందనకాయ: లోపలి పసుపు తోలు ఆకుపచ్చగా మరకలు కట్టి ఉంటే పిత్తం వెనక్కి ఎగదన్నింది. ఆ తర్వాత కందనకాయ దాటగానే పొడుగాటి ఉంగరంలా వంగిన పేగు భాగం చూడండి. దాన్ని కత్తెరతో నిలువునా చీల్చి, నీళ్ళున్న గిన్నెలో మెల్లగా ఆడించండి. ఆరోగ్యంగా ఉన్న పేగు లోపలి వైపు నీళ్ళలో మఖమలు గుడ్డలా మెత్తటి నూగుతో ఊగుతుంది, గోడ వేళ్ళకు మందంగా తగులుతుంది. పస్తున్న పేగు నున్నగా, అవతల వేలు కనిపించేంత పలుచగా ఉంటుంది. ఒకసారి రెండింటినీ పక్కపక్కన చూస్తే ఇక ఎప్పటికీ మరిచిపోరు. చూసిన కోడిని సున్నం వేసి లోతుగా పూడ్చి, చేతులు, కత్తెర కడిగిన తర్వాతే షెడ్డులోకి వెళ్ళండి.

నున్నటి పేగు అయిదో రోజుకీ కనిపిస్తే, మిగిలిన మేత బస్తాల మీద తయారీ తేదీ చూసి, గుప్పెడు మేత తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోండి. ముక్క వాసన వస్తే ఆ బస్తాను పక్కన పెట్టేసి, ఆ మేతలో కొంత, చనిపోయిన కోడిలో పేగు ముక్క తీసుకుని దగ్గరి పశువైద్యశాలకు వెళ్ళండి. పేగు ముక్కను ఐసు మీద పెట్టి, కోసిన నాలుగైదు గంటల్లోపే చేర్చండి, ఆలస్యమైతే కుళ్ళిపోయి చూడడానికి పనికిరాదు.